ఆముదం పూసిన పర్సు

మొన్న వనపర్తి బస్టాండులో చాయ్ తాగి డబ్బులిద్దామని మా అల్లుడు పర్సు తీస్తే, జిప్పు ఊడి చేతికొచ్చింది. కార్డుకో గది, చిల్లరకో గది, ఆ గదికి మళ్ళీ ఒక గుండీ. మా ఇంటికే అన్ని గదులు లేవు. కొని ఏడాది కూడా కాలేదట. నాకు నవ్వొచ్చింది. ఈమధ్య నవ్వడానికి కూడా ఓపిక తెచ్చుకోవాల్సి వస్తోంది.

మా ఇంటాయన పర్సు గుర్తొచ్చింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా పెళ్ళయిన ఏడు, గద్వాలలో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర చేయించుకున్నాడు. ఒకే ఒక్క బర్రె తోలు ముక్క, మధ్యకు మడత, రెండు పక్కలా మైనం దారంతో కుట్టు, అంతే. ఫొటో కనబడేలా ఒక ప్లాస్టిక్ అర పెట్టించమని నేను పోరుపెట్టాను. పక్కింటి వదిన ఫొటో ఆమె మొగుడి పర్సులో ఉంటుందని ఊరంతటికీ తెలుసు, ఆమే చెప్పుకుంది మరి. "అర పెడ్తె ఇంకో కుట్టు పడ్తది, కుట్టు పడ్డకాడ్నే తెగుతది. గిట్లనే ఉండనీ," అన్నాడు మా ఇంటాయన. మాది పెద్దమందడి పక్కన వానను నమ్ముకున్న చేను. కాళ్ళ పారాణి ఆరకముందే ఆయన పూనాకు బిల్డింగు పనికి పోవాల్సి వచ్చింది. అంత దూరం పోయాక నేను గుర్తుంటానా అన్నదే నా దిగులు.

వదిన మెడలో గొలుసు అడిగి వేసుకుని, స్టూడియోలో ఫొటో దిగాను. ఊపిరి బిగబట్టానేమో, కళ్ళు గుడ్లగూబ కళ్ళలా పడ్డాయి. అయినా పర్సు మడతలో పెట్టి పంపాను.

దసరాకు వచ్చాడు. కాళ్ళకు నీళ్ళిచ్చిందే ఆలస్యం, పర్సు విప్పి చూశాను. పచ్చబడ్డ కాగితం ఒకటి తోలుకు అంటుకుని ఉంది. గొలుసు కనిపిస్తోంది, ముఖం లేదు. చెప్పులకు పూసినట్టే వారం వారం ఆముదం పూశాడట మహానుభావుడు.

"నా మొకం ఏడ పాయె?" అన్నాను.

"తోలు ఎండితే పగుల్తది గద, జర ఆముదం రాసిన. మొకానికేమాయె, ఇంట్లనే ఉంది గద!" అన్నాడు.

మా అత్త కూడా పకపకా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. మర్నాడు పాపం ఆయనే, "పా, వనపర్తి పోయి మల్ల దిగుదువు," అన్నాడు.

"నాకేం ఫొటో వద్దు. నువ్వుండు, పోవొద్దు," అన్నాను. ఆయన్ని నేను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

పండుగ వెళ్ళగానే సంచి సర్దుకున్నాడు. పోక తప్పదని నాకూ తెలుసు, అయినా కోపం పోలేదు. ఆ తర్వాత ఏటేటా పోయాడు, నడుము పడిపోయేదాకా. ఇప్పుడు పొద్దంతా ఇంట్లోనే, నా ఎదురుగానే మంచం మీద ఉంటాడు. చెప్పుకోవడానికి మా ఇద్దరికీ పెద్దగా మాటలు లేవు. పర్సు మాత్రం ఇవాళ్టికీ మెత్తగా ఉంది, ఒక్క కుట్టూ వదల్లేదు. అన్నేళ్ళూ ఆయన తోలును ఎండనివ్వలేదు, ఎండిపోయింది మేమే.