కంచె పక్క వరుస

ద్రాక్షతోటలో పని ఉన్నన్నాళ్ళు అక్షరాలు నేర్చుకునే తీరిక నాకు దొరకలేదు. తోట పోయాక దొరికింది. అందుకే మా యజమాని గురించి ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

నగరం అంచున, కె.ఆర్.పురం అవతల ఉండేది ఆయన తోట. వైన్ కంపెనీకి పళ్ళు కోసేటప్పుడు కానుగ కంచె పక్క వరుసలో కొన్ని గుత్తులు వదిలేయమనేవాడు. ఎవరైనా కత్తెర పెడితే చేతి మీద మెల్లగా తట్టేవాడు.

"పిట్టలకి ఉండాల. అందరికీ ఉండాల కదమ్మా."

ఆ కానుగల్లో ఉండే గుడ్లగూబలే తోటలో ఎలుకల్ని పట్టేవి.

ఒక ఏడు ధర పడిపోయింది. కంచె తీసేస్తే ఇంకో రెండు వరుసలు పడతాయని కంపెనీ మనిషి చెప్పిపోయాడు. గొడ్డలి మా యజమానే పట్టాడు.

"గూబలు యాడికి పోతాయన్నా?" అని అడిగాను.

ఆయన నా వైపు చూడలేదు. "నాకూ ఉండాల కదమ్మా. కట్టెలు నువ్వు ఎత్తుకోని పో" అన్నాడు.

తరువాత ఎలుకలు తీగల మొదళ్ళు కొరికేశాయి. కొన్నేళ్ళకు తోట అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ళ చేతికి పోయింది. కంచె కొట్టేసిన మర్నాడు పొద్దున మాత్రం నేను ఆ కానుగ కట్టెలతోనే పొయ్యి వెలిగించి, సంగటి కెలికి తిని, కంచె ఉన్నచోట కొత్త వరుసలకు గుంతలు తవ్వడానికి వెళ్ళాను.