నాగేంద్రమ్మ పారేసిన మామిడికాయలు

ముదినేపల్లిలో రొయ్యల వ్యాపారం చేసే సూర్యనారాయణగారి గెస్ట్‌హౌస్‌లో నాగేంద్రమ్మ పదిహేనేళ్లుగా వంట చేస్తోంది. సరుకు కొనడానికి ఎవరొచ్చినా ఆవిడ రొయ్యల ఇగురు రుచి చూడకుండా వెళ్లరు. ఈమధ్యే గుడివాడ నుంచి రేవతి అనే అమ్మాయి సాయానికి చేరింది.

మార్చి చివర్లో జపాన్ నుంచి మోరి అనే కొనుగోలుదారు వస్తూ ఒక సీసా తెచ్చాడు. సాకే అట, బియ్యంతో చేసే మద్యం. కాచకుండా సీసాకెత్తిన ఈ రకం వాళ్లకు వసంతంలోనే దొరుకుతుందట, ఫ్రిజ్‌లోనే ఉంచాలట. దాంతోపాటు తినడానికి ఇక్కడి వంటల్లో ఏది కుదురుతుందో చూద్దామన్నాడు.

నాగేంద్రమ్మ ఇగురు చేసింది. మోరి రెండు ముక్కలు తిని, సాకే ఒక గుక్క తాగి, మర్యాదగా తలూపి మంచినీళ్లు అడిగాడు. రేవతి రొయ్యల్ని ఆవిరి మీద ఉడికించి, పచ్చిమామిడి తురుము చల్లి ఇచ్చింది. ఆ పళ్లెం ఖాళీ అయింది.

“రేపు వాళ్లవాళ్లు ఇంకో నలుగురు వస్తారు. రేవతీ, ఇదే చెయ్యమ్మా,” అన్నారు సూర్యనారాయణగారు. నాగేంద్రమ్మ వైపు చూడనైనా లేదు.

“బాలింతలకు పెట్టే చప్పిడి తిండి! దానికింత గొప్పా?” అని గొణుక్కుంది ఆవిడ.

మర్నాడు పొద్దున్నే మామిడికాయలన్నీ కవరులో వేసి, వెనక కాలవలోకి విసిరేసింది.

“పిన్నిగారూ, మామిడికాయలు చూశారా?”

“నేనేమైనా కాపలా ఉన్నానా?”

రేవతి పెరట్లో చింతచిగురు కోసుకొచ్చింది. సాకేకి ఆ పులుపు మరింత బాగా కుదిరింది. ఎలా చేశావని మోరి అడిగించాడు.

“చిగురు ఎప్పుడు వెయ్యాలో మా పిన్నిగారిని చూసి నేర్చుకున్నానండీ,” అంది రేవతి.

రేవతి తిట్టినా ఆవిడకు అంత మండేది కాదు. అందరూ వెళ్లాక నాగేంద్రమ్మ, “కాయలు నేనే పారేశాను,” అనేసింది.

“కవరు కాలవలో తేలుతుంటే చూశానండీ.”

“మరి అయ్యగారికి చెప్పలేదేం?”

“మిమ్మల్ని మాన్పించేస్తే నాకు ఇగురు ఎవరు నేర్పుతారు?”

ఆ సాయంత్రమే నాగేంద్రమ్మ రేవతిని పక్కన నిలబెట్టుకుని ఇగురు నేర్పింది. మసాలా మాత్రం ఆ పిల్ల అటు తిరిగినప్పుడు వేసింది.