పక్క దేశం

నేను పనిచేసే ఖతర్‌లో, నజ్మా బజారులో అత్తరు దుకాణం దాటుతుంటే నాయన ఉత్తరాల వాసన తగిలింది.

నా చిన్నప్పుడు, కువైట్‌లోకి పక్క దేశపు సైన్యం చొరబడిందని రేడియో చెప్పినప్పుడు, బీడీలు చుడుతున్న అమ్మ తలెత్తలేదు. "మీ నాయన దుబాయ్‌ల గద ఉన్నడు," అంది. మా ఊళ్ళో గల్ఫంతా దుబాయే. బడిలో నేనూ అదే ధీమాగా చెప్పాను. సారు అనుమానపడి ఉత్తరం తెమ్మన్నాడు. కవరు మీది ఇంగ్లీషు చిరునామా చదివి, నా తల నిమిరి, "మీ నాయన ఉన్నది కువైట్‌లనే బిడ్డా," అన్నాడు.

మూడు నెలలకు నాయన కట్టుబట్టలతో ఇల్లు చేరాడు.

ఇప్పుడు ఇటువైపు యుద్ధమని వినగానే అమ్మ నాకు ఫోన్ చేస్తుంది.

"ఏ దేశంల ఉన్నవ్ బిడ్డా?"

"ఖతర్‌ల అమ్మా. లొల్లి పక్క దేశంల."

"పక్కనంటే ఎంత దూరం?"

ఉన్నదానికంటే ఎక్కువే చెబుతాను.