ఒంటిచేతి సిపాయికి తువాలు బేరం

ఈ రోజు గూడూరులో, మస్తాన్ భాయ్ పాత సామాన్ల కొట్టులో నాకొక ప్లాస్టిక్ సిపాయి బొమ్మ దొరికింది. నా చిన్నప్పటి రకం. మోకాళ్లు వంగుతాయి, మీసం రంగు కూడా చెక్కు చెదరలేదు, కుడి చెయ్యి మాత్రం లేదు. చెయ్యి లేనివాడికి నాలుగు వందలే న్యాయమని మనసులో అనుకున్నాను.

మస్తాన్ భాయ్ ఒకప్పుడు నిమ్మకాయల మార్కెట్లో దళారీ. ఇప్పటికీ ధర నోటితో చెప్పడు. భుజం మీది తువాలు మా ఇద్దరి చేతుల మీద కప్పి, "వందల్లో సార్" అన్నాడు. ఎన్ని వేళ్లు నొక్కితే అన్ని వందలన్నమాట. ముందు ఐదు నొక్కి, మళ్లీ మూడు నొక్కాడు, అంటే మొత్తం ఎనిమిది. నేను నాలుగే నొక్కాను. చివరికి ఆరు దగ్గర కుదిరింది.

గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడకు ఇదేమీ కనపడలేదని నాకు లోపల ఒకటే సంబరం.

"ఎంతకిచ్చినాడు?" అంది.

"నూట యాభై" అంటూ ఫోన్లో డబ్బు కొట్టాను.

బల్ల మీది స్పీకరు పెట్టె వీధంతా వినపడేలా అరిచింది: "ఆరు వందల రూపాయలు అందాయి!"

మస్తాన్ భాయ్ నాలుక కరుచుకున్నాడు. "దాని మీద తువాలు కప్పేది మర్చిపోయినా సార్!"

"చెయ్యి లేనోడికి ఆరొందలా? అదీ ఉండుంటే కొంప అమ్మేసుంటారు" అంది మా ఆవిడ.

బొమ్మల పిచ్చి ఉన్న మిత్రులారా, మీరు ఇంట్లో ధర ఎంత తగ్గించి చెబుతారు? కామెంట్లో మాత్రం రాయకండి. ఈ పోస్టుకు మొదటి లైకు ఆవిడదే.