రెండా, పదకొండా

కాంపౌండరు పెదనాయన పోయారని ఆయన మనవరాలు నిన్న పొద్దున ఫోను చేసి చెప్పింది. "నొప్పి లేకుండా పోయినాడు అవ్వా. కాఫీ తాగి, ఇంగ కాసేపు పడుకుంటా అన్నాడు. మళ్ళా లేయలేదు" అంది. ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు. ముందు గుండె తేలికపడింది. తొంభై దాటిన మనిషి. తుంటి ఎముక విరిగి రెండేళ్ళు మంచంలోనే ఉన్నారు. పక్కకు తిరగాలన్నా ఇంకొకరి చెయ్యి కావాలి. జీవితమంతా ఇతరుల నొప్పికి మందు కలిపిన మనిషి తన నొప్పితో ఇంకా ఎన్నాళ్ళు పోరాడాలోనని నేను రోజూ ప్రార్థనలో అడిగేదాన్ని. ఫోను పెట్టేశాక చాలాసేపు కుర్చీలోనే కూర్చున్నాను. కన్నీళ్ళు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు వచ్చాయి.

ఆయన మాకు చుట్టం కాదు. మార్కాపురం నుంచి దోర్నాల పోయే దారిలో, మా పల్లెకు ఆనుకొని ఉన్న ఊళ్ళో ఒక చిన్న ధర్మాసుపత్రి ఉండేది. మద్రాసు ప్రభుత్వం రోజులు. డాక్టరు వారానికి రెండుసార్లు మార్కాపురం నుంచి వచ్చేవారు. మిగతా రోజుల్లో ఆసుపత్రి అంటే కాంపౌండరే. ఆయనది కోమట్ల కుటుంబం. అన్నదమ్ములంతా దుకాణాల్లో కూర్చుంటే ఈయనొక్కరే మందుల గదిలో కూర్చున్నారు. మాది కూలిపని చేసుకునే కుటుంబం. చర్చి బడిలో అయిదో తరగతి దాకా చదివి, పదిహేడో ఏట ఆ ఆసుపత్రిలో సీసాలు కడిగే పనికి చేరాను. మొదటిరోజు "అయ్యా" అని పిలిస్తే, "అయ్య గియ్య వద్దు. పెదనాయనా అను, నోరు తిరుగుతుంది" అన్నారు. అప్పటినుంచి అదే పిలుపు.

ఆయనకు కొన్ని అలవాట్లు ఉండేవి. మందు కలిపే ముందు ఒకసారి, కలిపాక ఒకసారి చేతులు కడుక్కునేవారు. మందుకొచ్చిన వాళ్ళు సీసా ఇంటినుంచే తెచ్చుకోవాలి. ఆ సీసాను ఆయన ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూడనిదే లోపలికి తీసుకునేవారు కాదు. కిరసనాయిలు వాసన వచ్చిందంటే నా చేతికిచ్చి, "ఇంకోసారి తల్లీ" అనేవారు. ఎర్రమందు పోశాక కాగితం ముక్కను మెట్లుమెట్లుగా కత్తిరించి సీసాకు అంటించేవారు. ఒక్కో మెట్టు ఒక్కో పూట మందు. చదువురాని వాళ్ళకు ఆ మెట్లే లెక్క. "మందు పేరు మర్చిపోతే సీసా మీద చూసుకోవచ్చు. లెక్క తప్పితే చూసుకునేదానికి ఏముంది?" అనేవారు.

నాకు చదువంటే ఆశ ఉందని ఆయన గమనించారు. సీసాల మీది ఇంగ్లీషు పేర్లు ఒక్కొక్కటీ చదివించారు. ఆరు నెలల్లో నేను డాక్టరు చీటీలో సగం మాటలు గుర్తుపట్టగలిగేదాన్ని. కానీ ఒక్కటి మాత్రం నేర్చుకోలేదు. "చీటీలో అంకెలు మన అంకెలు గావు. అవి రోమను అంకెలు. వాటి లెక్క వేరే. కూర్చో, చెప్తా" అని రెండుసార్లు పిలిచారు. "అంకెలు నాకొచ్చు పెదనాయనా. వంద దాకా ఇంగ్లీషులో రాస్తాను" అని తప్పించుకున్నాను. ఆ గర్వమే నన్ను ఒక మధ్యాహ్నం కాల్చింది.

ఆ రోజు డాక్టరు వచ్చిన రోజు. జ్వరాల కాలం, అరుగు నిండా మనుషులు. అందరినీ చూసి ఆయన జట్కా ఎక్కి వెళ్ళిపోయారు. పెదనాయన పొద్దుటినుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మందుల బీరువా తాళంచెవి నాకిచ్చి, "రెండు మెతుకులు తిని వస్తా. ఎవరన్నా వస్తే కూర్చోబెట్టు" అని ఇంటికి వెళ్ళారు.

అప్పుడొచ్చింది ఒక తల్లి. చంకలో అయిదేళ్ళ ఆడపిల్ల. మూడు రోజులుగా విరేచనాలు, కడుపునొప్పి. డాక్టరు రాసిన చీటీ ఆమె చేతిలో ఉంది. దోర్నాలకు ఇవతల అడవి అంచు పల్లె వాళ్ళది. రెండో ప్రపంచ యుద్ధం రోజులు కదా, పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. బస్సు చింతచెట్టు కింద నిలబడి ఉంది. కండక్టరు బొగ్గు ఎగదోస్తున్నాడు.

"మందియ్యమ్మా, బస్సు పోతాది" అంది ఆమె.

"పెదనాయన వస్తాడు, కూర్చో అక్కా."

"ఇది పోతే మళ్ళా మాపటికే గదమ్మా. బిడ్డను ఎత్తుకొని అంత దూరం యాడ నడిచేది?"

చీటీ తీసుకొని చూశాను. మందు పేరు నాకు తెలిసినదే. నల్లమందు కలిసిన చుక్కల మందు. దాని పక్కన రెండు నిలువు గీతలు. నా కళ్ళకు అది స్పష్టంగా పదకొండు. బీరువా తెరిచి చిన్న సీసాలో మందు పోసి ఇచ్చాను. "పూటకు పదకొండు చుక్కలు. గంజి తాగించినాక నీళ్ళలో కలిపి పొయ్యి. పది వేళ్ళూ లెక్కబెట్టి, ఆ పైన ఇంకొకటి" అని వేళ్ళు చూపించి మరీ చెప్పాను. ఆమె నా గడ్డం పట్టుకొని, "సల్లగుండు తల్లీ" అని పరుగెత్తింది. బస్సు కదిలింది. నాకు నేను పెద్ద కాంపౌండరులా అనిపించాను.

పెదనాయన వచ్చి, చీటీల కమ్మికి గుచ్చిన కొత్త చీటీ చూశారు.

"ఈ మందు ఇచ్చినావా?"

"బస్సు పోతాదని ఇచ్చినా పెదనాయనా."

"ఎన్ని చుక్కలని చెప్పినావు?"

"పదకొండు."

ఆయన ముఖంలో రంగు దిగిపోయింది. అరవలేదు. చీటీ నా ముందు పెట్టి, ఆ రెండు గీతల మీద వేలు ఉంచి, "ఇది రెండు తల్లీ" అన్నారు. నల్లమందు చిన్నపిల్లలకు ఎంత ప్రమాదమో ఆయనే నాకు చెప్పారు. ఎక్కువైతే పిల్ల నిద్రపోతుంది, ఇక లేవదు.

"ఏడ్చేది తర్వాత ఏడుద్దువు. పద. ఊరి పేరు చీటీ మీద ఉంది, మనిషిని గుర్తుపట్టేది నువ్వే" అని సైకిలు తీశారు.

ఒక ఆడపిల్ల పరాయి మగవాడి సైకిలు వెనక కూర్చోవడం ఆ రోజుల్లో లేదు. ఊరంతా చూసింది. ఒకరు ఏందని అడిగారు కూడా. ఆయన వినిపించుకోలేదు. మిట్ట మధ్యాహ్నం ఎండ. దారి అంతా ఎత్తుకు ఎక్కేదే. ఎక్కలేని చోట ఇద్దరం దిగి సైకిలు తోసుకుంటూ పరుగెత్తాం. ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆ దారి పొడుగునా ఆయన నన్నొక్క మాట అనలేదు. నేను మాత్రం దేవుడితో బేరాలాడుతూనే ఉన్నాను. ఆ బిడ్డ బతికితే ఇంకెప్పుడూ ఆసుపత్రి గడప తొక్కనని మొక్కుకున్నాను.

పల్లె చేరేసరికి ఆ తల్లి ఇంటి ముందర పందిరి కింద కూర్చొని ఉంది. పిల్ల ఆమె ఒళ్ళో కళ్ళు మూసుకొని ఉంది. పెదనాయనే అడిగారు.

"మందు పోసినావా తల్లీ?"

"పోసినా అయ్యా, ఇప్పుడే."

"ఎన్ని చుక్కలు?"

ఆమె నా వైపు చూసి కొంచెం భయపడింది, మాట తప్పినందుకు తిడతామేమోనని. "ఈ పాప పదకొండు పొయ్యమనింది. నేను ముందు ఒక చుక్క నా నాలిక మీద ఏసుకొని చూసినా. అబ్బ, కుత్తికదాకా చేదు. ఇంత చేదు మందు బిడ్డకు అన్నెందుకులే అని మూడు ఏసి నిలిపినా. మాపటి బస్సుకు వచ్చి మళ్ళా అడుగుదామనుకున్నా. తప్పయితే మన్నించు సామీ."

పెదనాయన నేల మీద కూలబడ్డారు. రెండు చేతులూ ఎత్తి ఆమెకు దండం పెట్టారు. "తప్పు నీది గాదు తల్లీ, మాది. పొయ్యాల్సింది రెండే. నువ్వే నీ బిడ్డను కాపాడుకున్నావు" అన్నారు. 'మాది' అన్నారు. నా వైపు చూడను కూడా లేదు.

ఎక్కువైంది ఒక్క చుక్కే అయినా ఆయన వెంటనే లేవలేదు. పిల్ల కనురెప్ప ఎత్తి చూశారు. రొమ్ము మీద చెయ్యి పెట్టి ఊపిరి లెక్కపెట్టారు. "మూడుతో ఏం గాదు. అయినా కాసేపు నిద్రపోనియ్యకండి" అన్నారు. నేను తడిగుడ్డతో పిల్ల ముఖం తుడుస్తూ కూర్చున్నాను. ఆయన ఆ పిల్లకు పిల్లి మాదిరి, మేక మాదిరి అరిచి చూపించారు. నలుగురిలో నవ్వని మనిషి, పందిరి కింద చేరిన ఊరంతా చూస్తుండగా మేకలా అరిచారు. పిల్ల విసుక్కుంది, ఏడ్చింది, మళ్ళీ కళ్ళు మూసింది, మళ్ళీ లేపాం. పొద్దు వాలేటప్పటికి ఉన్నట్టుండి లేచి కూర్చొని, "అమ్మా, ఆకలి" అంది.

నా ఇన్నేళ్ళ జీవితంలో అంత మంచి మాట నేను వినలేదు. అంతసేపూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా తెగి, అందరి ముందరా భోరుమన్నాను. ఆ తల్లే నన్ను దగ్గరికి తీసుకుంది. "బిడ్డ బాగుంది గదా, ఇంగ ఏందికి ఏడుస్తావు?" అని ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. పెదనాయన ఆ ముంత రెండు చేతులతో పట్టుకొని గటగటా తాగి, ఇంకొంచెం అడిగి తాగారు. కోమట్ల ఇంటి మనిషి ఆ పల్లెలో అట్లా అడిగి తాగడం వాళ్ళెప్పుడూ చూసి ఉండరు.

తిరుగుదారిలో చెప్పాను. "నేను మానేస్తా పెదనాయనా. నా చేతిలో మందు వద్దు."

"మానేస్తే నీకు భయం పోతాది. ఉంటే ఆ భయం పది మందికి పనికొస్తాది. నీ ఇష్టం" అన్నారు.

ఆ రాత్రే మా ఇంటికి వచ్చి, సైకిలు సంగతి, మందు సంగతి మా నాయనకు ఆయనే చెప్పారు. డాక్టరు వచ్చిన రోజు కూడా ఆయనే చెప్పారు. "తాళంచెవి ఇచ్చి పోయింది నేను. నేర్పకుండా ఇచ్చింది నేను" అన్నారు. డాక్టరు గట్టిగానే కోప్పడ్డారు. ఆయన తలవంచుకొని విన్నారు. అంతా అయ్యాక, "ఇంగ మీదట అంకె పక్కన అక్షరాల్లో కూడా రాస్తే బాగుంటది సార్" అన్నారు. డాక్టరు సరేనన్నారు.

ఆ పల్లెకు పోయొచ్చిన మరునాడు పొద్దున నేను మొక్కు పక్కనపెట్టి పనికి వెళ్తే, ఆయన నా ముందు పలక పెట్టారు. ఒకటికి ఒక గీత, రెండుకు రెండు, మూడుకు మూడు. "అయిదంటే చెయ్యి. చూడు, బొటనవేలు ఒక పక్క, మిగిలిన నాలుగూ ఇంకో పక్క" అని అరచెయ్యి చాపి, దాని పక్కనే V రాశారు. పదంటే రెండు చేతులు, ఒకటి పైకి, ఒకటి కిందికి. నాలుగుకు నేను నాలుగు గీతలు గీశాను. "గడియారంలో అట్లనే ఉంటది, కొట్టేయలేం. చీటీలో మాత్రం అయిదు రాసి ముందర ఒక గీత. ముందర నిలబడినోడు తీసేస్తాడు, వెనక నిలబడినోడు కలుపుతాడు" అన్నారు. నాలుగు, ఆరు, తొమ్మిది వచ్చాక, "ఇప్పుడు పదకొండు రాయి" అన్నారు. X వేసి, దాని పక్కన గీతను రెండుసార్లు చెరిపి పెట్టాను. ఆఖరున అన్ని పాఠాల్లోకీ ముఖ్యమైనది చెప్పారు. మందు చీటీలో చివరి గీతను కిందికి లాగి తోక పెట్టాలి. అప్పుడు దాన్ని ఎవరూ పదకొండు అనుకోరు, ఎవరూ పక్కన ఇంకో గీత చేర్చలేరు. ఆ రోజు పలక నిండా తోకలు పెట్టాను.

రెండేళ్ళకు ఆయనే నన్ను కర్నూలు నర్సు శిక్షణకు పంపించారు. ముప్పై అయిదేళ్ళు మందులిచ్చాను. ఏ కొత్త పిల్ల నా దగ్గర చేరినా, ముందు నా తప్పు చెప్పి తర్వాతే తాళంచెవి ఇచ్చాను. కొన్నేళ్ళకు గ్రాముల లెక్కలు వచ్చి చీటీల్లో రోమను అంకెలు పోయాయి. ఆ కబురు చెప్పడానికి పనిగట్టుకొని ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన చాలాసేపు నవ్వారు. "మంచిదాయె. మంచి పని చేసినారు" అన్నారు. తను అంత కష్టపడి నేర్పింది ఇక పనికిరాదన్న బాధ ఆయనలో రవంత కూడా కనబడలేదు.

మంచాన పడకముందు ఒకసారి మార్కాపురంలో నన్ను బస్సెక్కించడానికి వచ్చారు. అప్పటికే ఎనభై దాటాయి. వద్దన్నా వినకుండా గొడుగు వేసుకొని వచ్చి, కండక్టరుతో వాదించి నాకు కిటికీ పక్కన సీటు ఇప్పించారు. బస్సు కదిలాక పక్కనే నాలుగడుగులు నడుస్తూ ఏదో చెప్పారు. ఇంజను మోతలో నాకు వినబడలేదు. సరేనన్నట్టు తల ఊపాను. ఆయనకు తృప్తి కలిగింది. ఆగిపోయి, గొడుగు ముడిచి చంకలో పెట్టుకొని, ఎండలోనే తాపీగా ఇంటి దారి పట్టారు.