కిటికీ లేని గదిలో కర్టెన్

పిండిమర వెనక గదిలో కాపురముండే ఆవిడని వీధి వీధంతా పెట్టెమ్మ అని పిలిచేది. కాపురానికొచ్చిన ఏడాది తిరక్కుండానే ఆ పేరు పడింది. అంతా ఆవిడ పుట్టింటినుంచి తెచ్చుకున్న నీలం రంగు రేకుపెట్టె చలవే.

ఆవిడ భర్త ఆ మరలోనే పని చేసేవాడు. మరకీ గదికీ మధ్య ఒకటే గోడ. బెల్టు తిరగడం మొదలైతే గదిలో నేల సన్నగా వణికేది. అలమారలో గ్లాసులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అంచుదాకా వచ్చేసేవి. కనురెప్పల మీద కూడా పిండి పేరుకునేది. ఆ మోతలో మాట వినపడాలంటే అరవాలి కాబట్టి ఇంటిల్లిపాదికీ అరుపే మాట అయిపోయింది. అందులో అత్తగారిది పెద్ద గొంతు. చర్చిలో ఆవిడ పక్కావిడ చెవిలో గుసగుసలాడితే పాస్టరుగారు ప్రసంగం ఆపి, ఆవిడ ముగించాక మళ్ళీ అందుకునేవారు.

ఆ గదికి కిటికీ లేదు. పెళ్ళికి ముందు పెట్టెమ్మ దేవుణ్ణి అడిగింది మాత్రం కిటికీ ఉన్న ఇల్లే. తల్లీ తనూ కలిసి పసుపుపచ్చ పూల గుడ్డతో ఒక కర్టెన్ కూడా కుట్టి సిద్ధంగా పెట్టుకున్నారు. కొత్త కాపురం చూడ్డానికొచ్చిన మర యజమాని గదంతా కలయజూసి, గాలాడని గది ఇచ్చినందుకు నొచ్చుకుని, వీధి చివర తనకింకో ఇల్లుందనీ, అందులో అద్దెకున్న దర్జీ వచ్చేనెల ఖాళీ చేస్తాడనీ, అందులోకి వీళ్ళే మారిపోవచ్చనీ చెప్పి వెళ్ళాడు. కొత్త పెళ్ళికూతురు లోలోపల ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంది. ఆయన్ని మరలో పనివాళ్ళు చాటుగా 'వచ్చేనెలగారు' అంటారన్న సంగతి ఆ అమ్మాయికి అప్పటికి తెలియదు. మనిషి వెన్నపూస. అబద్ధమాడేవాడు కాదు. నోరు ముందు పరిగెత్తేది, చెయ్యి వెనకనుంచి కుంటుకుంటూ వచ్చేది, అంతే.

అలా పెట్టెమ్మ పెట్టె విప్పి సర్దుకోవడం మానేసింది. కట్టుకునే బట్టలు నాలుగు పైకి తీసి, నీలం పూల అంచున్న పింగాణీ పళ్ళేలూ, బల్ల మీద పరిచే గుడ్డా, కర్టెనూ అలాగే ఉంచేసింది. ఇల్లు ఇస్తానన్న దేవుడి ముందు పెట్టె విప్పడమంటే, నీ మాట మీద నాకు నమ్మకం లేదని ఆయన మొహం మీదే చెప్పినట్టని ఆవిడ లెక్క. పిలుపొస్తే పెట్టె ఎత్తుకుని నడవడమే.

దర్జీ ఖాళీ చెయ్యలేదు. ముందు వాళ్ళావిడకి నెలలు నిండాయి, తరవాత వానలు, ఆ తరవాత పిల్లల బడి. ఇటు పెట్టెమ్మకీ ఒక మగపిల్లాడు, ఒక ఆడపిల్ల పుట్టారు. వాళ్ళు ఆ పెట్టె మీద కూర్చునే అక్షరాలు దిద్దారు. దాని మీదే ఇస్త్రీ చేసేవారు, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టేవారు. లోపలి సరుకు మాత్రం కదల్లేదు. ఆడపడుచు చుట్టపుచూపుగా వస్తే సొట్ట పళ్ళెంలోనే వడ్డించింది. ఆవిడ పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తమ ఇంట్లో ఇలాంటివాటిలో కోళ్ళకి నూకలు పోస్తామని చెప్పి మరీ తిన్నది.

రోజూ మర మొదలవకముందే పెట్టెమ్మ ఆ పెట్టె మీద మోచేతులు ఆనించి ప్రార్థన చేసేది. దేవుడు ఎక్కడ మర్చిపోతాడోనని కోడలు పెట్టె చూపించి మరీ గుర్తుచేస్తోందని అత్తగారు వీధంతా వినపడేలా వేళాకోళమాడేది.

ఒకరోజు యజమాని తల దించుకుని గుమ్మంలో నిలబడ్డాడు. దర్జీ పెద్దకొడుక్కి పెళ్ళి కుదిరిందట. కొత్తకోడలు కూడా ఆ ఇంట్లోనే ఉంటుందట. పెళ్ళి పెట్టుకున్నవాణ్ణి ఎలా పొమ్మంటానని ఆయనే ఎదురడిగాడు. మొట్టమొదటిసారిగా ఆయన నోట వచ్చేనెల అన్న మాట రాలేదు. మర్నాడు పొద్దున పెట్టెమ్మ పెట్టె దగ్గర మోకరించలేదు. ఆ మర్నాడూ లేదు.

అత్తగారు చూస్తూనే ఉంది. జీవితంలో ఒక్కసారైనా మెల్లగా మాట్లాడాలనుకుంది కాబోలు, మధ్యాహ్నం బెల్టు ఆగేదాకా ఓపిక పట్టి, అప్పుడొచ్చి కోడలి పక్కన చతికిలబడింది.

"దేవుడి మీద అలిగావా అమ్మాయ్?"

"అలగలేదు అత్తయ్యా. కనిపెట్టుకుని ఉండి ఉండి అలిసిపోయాను."

"కనిపెట్టుకునున్నది నువ్వా, ఆ పెట్టా? బైబిల్లో, దేవుడు చెప్పాడని ఊరొదిలేసి వచ్చిన ఆ పెద్దాయన గుడారాల్లోనే ముసలాడయ్యాడు. ఇల్లొచ్చాక అన్నం పెడతాలే అన్నాడా? ఎండనపడి ముగ్గురొస్తే గుడారం గుమ్మంలోనే దూడని కోసి పెట్టాడు. నిన్నెవరూ దూడని కొయ్యమనలేదు. పళ్ళేలు తియ్యమంటున్నా."

పెట్టెమ్మకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అత్తగారు అక్కడితో ఆగలేదు.

"నేను పోయేలోగా ఆ పూల అంచు పళ్ళెంలో ఒక్క ముద్దయినా తింటానా లేదా, ఆ సంగతి తేల్చు."

ఆ సాయంత్రమే పెట్టె తెరిచారు. పళ్ళేలకి చుట్టిన పాత పేపర్లు విప్పి భర్త ఎప్పుడో ముగిసిపోయిన ఎన్నికల వార్తలు పైకి చదువుతుంటే పిల్లలు పడీపడీ నవ్వారు. బల్లగుడ్డకి మడతల గీతలు ఎంత దులిపినా పోలేదు. కర్టెన్ చేతిలోకి తీసుకుని పెట్టెమ్మ ఆగింది. కిటికీ లేకుండా దీన్నేం చేసుకోవాలి? తిరిగి లోపల పెట్టబోతుంటే కూతురు కొంగు పట్టుకుంది. చివరికి భర్త వీధివైపు బోడిగోడకి రెండు మేకులు కొట్టి, తాడు కట్టి కర్టెన్ వేలాడదీశాడు. ఎవరైనా చూస్తే ఆ వెనక కిటికీ ఉందనే అనుకుంటారు.

మర్నాడు మర తిరగ్గానే అలమారలో పళ్ళేలు గణగణమని మోగాయి. పగులుతాయన్న భయంతో పెట్టెమ్మ వాటి మధ్య గుడ్డపేలికలు పెడితే, ఆ చప్పుడు బాగుందని పిల్లలు పేలికలు లాగేశారు.

కర్టెన్ కబురు వీధిలో పాకింది. పిండి పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు గింజల సంచి మర దగ్గర పడేసి, వెనక గదిలోకి వచ్చి, కర్టెన్ ఎత్తి చూసి, గోడ కనబడగానే విరగబడి నవ్వేవారు. అవతల ఏముంటుందని అడిగితే అత్తగారు ఒకరోజు సముద్రమనేది, ఇంకోరోజు కొండలనేది. నవ్వడానికొచ్చినవాళ్ళు కూర్చుని టీ తాగి, తమ బాధలు చెప్పుకుని వెళ్ళేవారు. శుక్రవారం ఆడవాళ్ళ ప్రార్థనకూటం దానంతటదే ఆ గదిలోకి మారింది. ఆ సందడిలో ఒక పళ్ళెం జారి రెండు ముక్కలైంది. పెట్టెమ్మ ఊపిరి బిగబట్టింది. ఆకాశం విరిగి మీద పడలేదు. ముక్కలు ఎత్తి పారేసి ఇంకో పళ్ళెం తీసింది.

పొద్దున ప్రార్థన మళ్ళీ మొదలైంది, ఈసారి చాలాసేపు. ఎవరి బిడ్డకి జ్వరం, ఎవరి మగడికి పని లేదు, అన్నీ ఆవిడ దగ్గరికి చేరాయి మరి. ఇంటి సంగతి అడగడం మానలేదు. కాకపోతే ఆఖర్న చెప్పేది, ఇంట్లో ఉప్పు నిండుకుందని చెప్పినంత తేలిగ్గా.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక యజమాని ఏదో పని చెప్పడానికి వస్తే, భోజనం చేసి గాని కదలడానికి వీల్లేదని కూర్చోబెట్టారు. గది నిండా జనం, ఉక్కపోత. నాలుగు ముద్దలు తిన్నాక ఆయన లేచి, కాస్త గాలి వస్తుందని చొరవగా కర్టెన్ పక్కకి లాగాడు.

గోడ.

కర్టెన్ కొస చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అందరూ తినడం ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో అత్తగారు, తను గుసగుసలాడుతున్నాననే అనుకుంటూ, కోడలి చెవిలో చెప్పిన మాట వీధి మొదటిదాకా వినపడింది.

"వచ్చేనెల తెరుచుకుంటుందని చెప్పవే ఆయనకి."

పెట్టెమ్మకి ప్రాణం పోయినంత పనైంది. యజమాని మొహం కందిపోయింది. తరవాత ఆయన భుజాలు కదిలాయి. ఎవరికంటే ముందు ఆయనే నవ్వాడు, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆ తరవాత గది గదంతా నవ్వింది. ఆయన మళ్ళీ కూర్చుని పళ్ళెం ఖాళీ చేసి, ఏమీ మాట ఇవ్వకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే వీధిలోనుంచి గోడ మీద సుత్తిదెబ్బలు పడ్డాయి. తాపీమేస్త్రీ లోపలికొచ్చి కర్టెన్ ఇమ్మన్నాడు. దాని కొలతకే కిటికీ పెట్టాలని యజమాని ఆర్డరట. కిటికీని బట్టి కర్టెన్ కుట్టించుకునేవాళ్ళనే తను ఇంతకాలం చూశానని సణుగుతూ టేపు పరిచాడు.

గోడలో మొదటి ఇటుక ఊడగానే వెలుతురు పట్టె ఒకటి గదికి అడ్డంగా పడింది. ఇన్నేళ్ళుగా వాళ్ళు పీల్చిన పిండి అందులో మెరుస్తూ, మెల్లగా బయటికి దారి పట్టింది. పిల్లలు దాన్ని గుప్పిళ్ళతో పట్టుకోబోయారు. అత్తగారు కంతలోనుంచి తొంగి చూసి, సముద్రమేదని మేస్త్రీని నిలదీసింది.

కిటికీ పూర్తయిన రోజు యజమాని చూడ్డానికి వచ్చాడు. మురిసిపోయాడు. మురిపెంలో నోరు మళ్ళీ పరిగెత్తింది.

"దర్జీ కొడుకు వేరే ఊళ్ళో కాపురం పెట్టి అందరినీ తీసుకుపోతాడటమ్మా. వచ్చేనెల ఆ ఇల్లు మీదే."

"అలాగే బాబుగారూ, ప్రభువుకి స్తోత్రం," అంది పెట్టెమ్మ, మనస్ఫూర్తిగానే. "ఈలోగా చెయ్యి కడుక్కుని రండి. అన్నం చల్లారిపోతోంది."

ఆయన కూర్చోవడానికి పెట్టె కేసి చూశాడు. దాని మూత తెరిచి ఉంది. లోపల కర్టెన్ గుడ్డలో మిగిలిన ముక్క మీద పిల్లి పిల్లల్ని పెట్టింది.