కృప సిలువ మీది చెవులు

వాన వెలిసిన పొద్దున పెరట్లో తడిసిన కట్టెల వాసన వస్తే చాలు, వేంపల్లె దగ్గరి మా ఊరి సమాధుల తోటలో నేను మళ్ళీ చిన్నపిల్లనై నిలబడతాను.

మాటలైనా రాకముందే జ్వరంతో పోయిన మా చెల్లెలు కృప అక్కడే ఉంది. మిగతా పసిపిల్లల దిబ్బలకు గుండ్రాళ్ళే గుర్తు; మా నాన్న మాత్రం తుమ్మకట్టెతో సిలువ చేసి నాటి, కాల్చిన ఇనుప చువ్వతో దాని మీద పేరు రాశాడు. పాప ఫోటో లేదు, మాకు మిగిలింది ఆ పేరొక్కటే. ఇంట్లోనే చదువు చెప్పిన అమ్మ నాకు వట్రుసుడి నేర్పింది ఆ పేరులోనే.

దిబ్బలకు సున్నం కొట్టి, పూలు పెట్టి, పాటలు పాడే సమాధుల పండుగకు ముందురోజు, ఇంటింటా తడి సున్నం వాసనా ఉడికే అలసందల వాసనా కలిసిపోయిన వీధి దాటి, మా జేజి, అంటే నాన్నమ్మ, నన్ను వెంటబెట్టుకుని కొండెక్కేది. అక్కడ రాతిసందుల్లో మోకాలెత్తు పొదలకు బెండపువ్వు ఆకారంలో లేత గులాబి పువ్వులు పూసేవి. ఒక్క రెమ్మే తుంచి, దేవునికి స్తోత్రం చెప్పి దిగేది. రెండుసార్లు ఆ మొక్కను వేర్లతో తెచ్చి కృప దగ్గర నాటింది; ఎన్ని చెంబుల నీళ్ళు పోసినా బతకలేదు. ఎవరూ నాటనివి మాత్రం వచ్చాయి: వానలకు నానిన సిలువ మీద, ఒకదాని కింద ఒకటి, చెవుల్లాంటి తెల్లటి పుట్టగొడుగులు.

"నా బిడ్డ పేరు తింటాండాయి గదత్తా, గీకేస్తా!" అని అమ్మ ఏడ్చింది.

"గీకితే పేరు గూడా లేచిపోతాది, ఉండనీమ్మా" అంది జేజి.

నాకు భయమేసింది. "జేజీ, అవి చెల్లెలి చెవులా?"

"అవును మే. నువ్వు పాట తప్పు పాడితే నగుతాది. సరింగా పాడు."

అప్పటినుంచి ప్రతి చరణం చివరా ఆగి, నవ్వు వినబడుతుందేమోనని చెవి ఒగ్గేదాన్ని.

జేజి పోయింది, నాన్న పోయాడు. అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "పాప చోటు మర్సిపోవాకు మే" అని అదొక్కటే అడిగింది.

మొన్న పండుగకు వెళితే, కొండ మొదట్లో ఆ గులాబి పువ్వు బొమ్మతో బోర్డు ఉంది, అంతరించిపోతున్న మొక్క అని. పొద్దంతా వెతికినా ఒక్క పొద కనబడలేదు. కొన్న చామంతులతోనే తోటకు వచ్చాను. సిలువ లేదు. ముళ్ళకంప కమ్మి దిబ్బలన్నీ ఒకేలా ఉన్నాయి. అమ్మ అడిగిన ఆ ఒక్క మాటే తలుచుకున్నాను. కంప తొలగిస్తూ, తొలగిస్తూ పోతే, సిలువ విరిగి మిగిలిన జానెడు మొద్దు మీద ఆ తెల్లటి చెవులు. పేరు తిన్నవే పాప చోటు చూపించాయి. దేవునికి స్తోత్రం అనుకున్నాను, ఒళ్ళు మాత్రం జలదరించింది.

చామంతులు పెట్టి పాట అందుకున్నాను. రెండో చరణంలో తప్పు పాడి, పాత అలవాటుగా ఆగి, చెవి ఒగ్గాను.

గాలి కూడా లేదు. మళ్ళీ మొదటినుంచి పాడాను.